మార్చి నుంచి మే దాకా మూగజీవాల దినాలు: గంజాం, కొరాపుట్‌లలో వీటితో పనేంటి?

ఫిబ్రవరి చివరి మంగళవారం మొదలుకొని మే నెలాఖరు దాకా మూగజీవాల పేరు మీద ఏదో ఒక దినం వస్తూనే ఉంటుంది. వన్యప్రాణుల దినం, పిచ్చుకల దినం, కుక్కపిల్లల దినం, వీధి జంతువుల దినం, పెంపుడు జంతువుల దినం, పశువైద్య దినం, చివర్లో తాబేళ్ల దినం. ఒడిశాలో బరంపురంలోనో రాయగడలోనో ఉన్న తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున్నే ఒక కుక్కపిల్ల ఫొటో, దాని కింద ఒక సూక్తి, ఆ కింద వరసగా దండాలు. కాసేపటికి ఎవరో ఒకరు అడగనే అడుగుతారు: ఇది గవర్నమెంటు పెట్టిందా? మనం ఏమైనా చెయ్యాలా? కనుమ నాడు పశువులకు పూజ చేసుకున్నాం కదా, మళ్లీ ఇదేంటి?

ప్రశ్న సబబైనదే. వీటన్నిటినీ ఒకే గాటన కట్టేయడానికి లేదు. కొన్ని దేశాలన్నీ కలిసి ఒప్పుకున్నవి. కొన్ని వృత్తి సంఘాలో స్వచ్ఛంద సంస్థలో పెట్టుకున్నవి. కొన్ని ఒక్క మనిషికి తోచి, ఇంటర్నెట్ పుణ్యమా అని ఊళ్లు పట్టుకు తిరుగుతున్నవి. ఏ దినానికి ఎంత బరువుందో తెలియాలంటే దాని పుట్టిల్లు చూడాలి.

మార్చి 3 వన్యప్రాణి దినానిది పెద్ద ఇల్లే. అరుదైన జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందం మీద 1973లో సంతకాలైంది ఆ తేదీనే. 2013 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ దాన్ని ప్రపంచ దినంగా ప్రకటించింది. మార్చి 20 పిచ్చుకల దినం మన దేశంలోనే పుట్టింది: నాసిక్‌కు చెందిన మహమ్మద్ దిలావర్ పెట్టిన నేచర్ ఫరెవర్ సొసైటీ చొరవతో 2010 నుంచి జరుగుతోంది. ఏప్రిల్ చివరి శనివారం వచ్చే పశువైద్య దినం ప్రపంచ పశువైద్యుల సంఘానిది. ఏప్రిల్ 4 వీధి జంతువుల దినాన్ని 2010లో నెదర్లాండ్స్‌వాళ్లు మొదలుపెట్టారు. ఏప్రిల్ 24 ప్రయోగశాల జంతువుల దినం 1979 నాటి బ్రిటిష్ సంస్థది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఫైటర్ విమాన దళానికి అధిపతిగా ఉన్న హ్యూ డౌడింగ్ పుట్టినరోజది. ఆయన తర్వాతి కాలంలో ప్రభువుల సభలో జంతువుల మీద ప్రయోగాలకు వ్యతిరేకంగా గొంతెత్తాడు.

ఇక మార్చి 23 కుక్కపిల్లల దినం, ఏప్రిల్ 11 పెంపుడు జంతువుల దినం. రెండూ కొలీన్ పేజ్ అనే అమెరికా ఆవిడ 2006లో మొదలుపెట్టినవి. రెండిటికీ ముందు 'నేషనల్' అని ఉంటుంది కాబట్టి మనవాళ్లు జాతీయ దినం అని ఫార్వర్డ్ చేసేస్తారు. ఆ నేషన్ మనది కాదు. ఆ మాటకొస్తే అక్కడి ప్రభుత్వం పెట్టినవీ కావు.

ఏప్రిల్‌లోనే ఇన్ని ఎందుకు పడ్డాయంటే రెండు కారణాలు కనిపిస్తాయి. హెన్రీ బెర్గ్ అనే ఆయన న్యూయార్క్‌లో జీవహింస నివారణ సంఘాన్ని స్థాపించింది 1866 ఏప్రిల్ 10న. అందుకని అమెరికాలో ఏప్రిల్‌ను జీవహింస నివారణ మాసంగా జరుపుకుంటారు. రెండోది పిల్లుల వ్యవహారం. పగలు పొడుగయ్యేకొద్దీ పిల్లులు ఎదకొస్తాయి. చలిదేశాల్లో చలికాలం ఆగి, వసంతం రాగానే ఒక్కసారిగా ఈనడం మొదలవుతుంది. దిక్కులేని జంతువులను ఉంచే ఆశ్రయాలు కిక్కిరిసిపోతాయి. 'కొనొద్దు, దత్తత తీసుకోండి' అన్న కేకంతా ఆ ఒత్తిడిలోంచి వచ్చిందే. ఫిబ్రవరి చివరి మంగళవారం వచ్చే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల దినం కూడా ఆ లెక్కలోనే కుదురుతుంది: ఈతల రద్దీ రాకముందే ఆపరేషన్లు చేసేయాలి. 1995లో సినీనటి డోరిస్ డే పేరిట నడిచే సంస్థ మొదలుపెట్టిన కార్యక్రమం అది. వాళ్ల వాతావరణానికి వాళ్ల తేదీలు సరిగ్గానే ఉన్నాయి. పేచీ అంతా వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చి మన చైత్ర వైశాఖాల మీద అతికించినప్పుడే.

కుక్కలది చిత్త కార్తె లెక్క

వీధికుక్కలు ఎప్పుడు జత కడతాయో చెప్పడానికి తెలుగువాళ్లకు సర్వే అక్కర్లేదు. చిత్త కార్తె కుక్కలని తిట్టుగా వాడేస్తుంటాం గానీ అందులో పక్కా పరిశీలన ఉంది. చిత్త కార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. కుక్క చూలు సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు, జనవరి చలిలో పిల్లలు పుడతాయి. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లే దారిలో సంక్రాంతి ముందు చూస్తే టీ కొట్ల వెనక బూడిద కుప్పల్లో, పాత టైర్లలో కళ్లు తెరవని గుంపులు కనిపిస్తాయి.

ఇప్పుడు ఫిబ్రవరి ఆఖరి మంగళవారం సంగతి చూడండి. మన దగ్గర అప్పటికి చాలా ఆడకుక్కలు పాలిస్తూ ఉంటాయి. అలాంటి తల్లిని పట్టుకెళ్లి నాలుగు రోజులు బోనులో ఉంచితే పిల్లలు చస్తాయి. ఆ ఏడాది పుట్టాల్సినవి ఎలాగూ పుట్టేశాయి కూడా. ఆపరేషన్లు ఫలించాలంటే పిల్లలు పాలు మానేశాక మొదలుపెట్టి, చిత్త కార్తెకు ముందే, అంటే సెప్టెంబరు నాటికి ముగించాలి. ఆ రోజుల్లో మాత్రం ఫోన్లో ఒక్క పోస్టరూ రాదు.

అదే లెక్కన మార్చి 23 కుక్కపిల్లల దినం మాత్రం, పెట్టినావిడకు తెలియకపోయినా, మనకు అచ్చంగా కలిసొచ్చింది. డిసెంబరులో పుట్టిన పిల్లలకు అప్పటికి మూడు నెలలు. రేబిస్ టీకా వేయడానికి సరైన వయసు. తల్లిని వదిలి రోడ్డెక్కి, బండ్ల కింద పడేదీ అప్పుడే. పరీక్షలైపోయి పిల్లలు వీధుల్లోకి వచ్చి వాటిని ఎత్తుకుని ఆడేదీ అప్పటినుంచే. చిన్న పళ్ల గీత పడితే ఇంట్లో చెప్పరు, చెబితే తిడతారని భయం. పిల్ల కుక్కకు రేబిస్ ఉండదని పెద్దవాళ్లు కూడా అనుకుంటారు. ఉంటుంది. కాబట్టి ఈ దినం జరపాలంటే ఫొటో పోటీ పెట్టేకన్నా వీధిలో ఉన్న నాలుగు పిల్లలకు టీకా వేయించడం మేలు, ఏడాదికి మళ్లీ బూస్టర్ వేయించాలని గుర్తుపెట్టుకుంటే ఇంకా మేలు.

రేబిస్‌తో మన దేశంలో ఏటా 18 వేల నుంచి 20 వేల మంది పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతూ వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో ఇంటింటికీ తిరిగి చేసిన ఇటీవలి సర్వే ఆ సంఖ్యను 5,700 చిల్లరగా అంచనా వేసింది, జంతువుల కాట్లు మాత్రం ఏటా 90 లక్షలని తేల్చింది. ఏ లెక్క తీసుకున్నా, లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. ఏం చేసినా ముందే చెయ్యాలి. కాటు పడ్డ చోట కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పదిహేను నిమిషాలంటే చెప్పినంత తేలిక కాదు. రెండో నిమిషానికే పిల్లవాడు ఏడుపు అందుకుంటాడు, ఐదో నిమిషానికి ఇంట్లో పెద్దావిడ చాల్లెమ్మంటుంది. చాలదు, గడియారం చూసుకుంటూ కడగాలి. సున్నం, కారం, ఆకు పసరు ఏవీ పెట్టకూడదు. తర్వాత ఆస్పత్రి. చేతికి వేసే చర్మపు టీకా అయితే మొదలుపెట్టిన రోజు ఒకటి, ఆ రోజు నుంచి మూడు, ఏడు, ఇరవై ఎనిమిది రోజులకు మిగతావి. కాటు లోతుగా పడినా, రక్తం వచ్చినా గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. దాన్ని అడిగి వేయించుకోండి, అది లేకుండా టీకా ఒక్కటే వేసి పంపేస్తే ఊరుకోవద్దు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లన్న పాత భయంతో నాటువైద్యుడి గుమ్మం ఎక్కేవాళ్లు కొండ ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆ పాత టీకాను మన దేశం వదిలేసి ఇరవై ఏళ్లు దాటింది.

ఏప్రిల్ 11 గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఆ రోజు లాభపడేది ఎక్కువగా పెట్ షాపులే. హస్కీని కొని, మే నెలలో రేకుల ఇంట్లో కట్టేసి, కూలర్ పెట్టాం కదా అంటే అది ప్రేమ అనిపించుకోదు. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని 2017 నాటి కుక్కల పెంపకం నిబంధనల్లో, ఆ మరుసటి ఏటి పెట్ షాపుల నిబంధనల్లో ఉంది. కొనేవాళ్లు ఆ ఒక్క ముక్క అడిగితే చాలామంది అమ్మేవాళ్లు నీళ్లు నములుతారు.

యాభై రూపాయల చట్టం, మధ్యాహ్నపు ఎండ

మన సొంత ప్రభుత్వ దినాలు వసంతంలో లేవు. భారత జంతు సంక్షేమ బోర్డు చెప్పే పక్షోత్సవాలు జనవరి 14 నుంచి 31 దాకా. భోగి మంటలు ఆరకముందే మొదలై, కనుమను కలుపుకుని పోతాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1962లో ఏర్పడిన ఆ బోర్డుకు తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవి అరుండేల్. ఆ చట్టంలో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాగని జంతువు ప్రాణానికి చట్టంలో విలువే లేదనుకోవద్దు. విషం పెట్టి చంపినా, అంగవైకల్యం కలిగించినా భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. వీధికుక్కలకు విషపు ముద్దలు విసిరేవాళ్లకు ఈ సెక్షన్ నంబరు తెలిస్తే కాస్త వెనకాడతారు.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఎవరూ పోస్టరు వేయని ఒక పాత నిబంధన. బండి లాగే, బరువు మోసే పశువుల గురించి 1965లో చేసిన నిబంధనల్లో ఉంది. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పశువును పనిలో పెట్టకూడదు. రోజు మొత్తం మీద తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. గుణుపురం, పర్లాకిమిడి వైపు ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి 37 దాటని రోజులు ఎన్నని! ఇటుకల బండో ఇసుక బండో తోలేవాడికి ఆ మూడు గంటలే రెండో ట్రిప్పు. వాడి కడుపూ అందులోనే ఉంది. అందుకే దీన్ని పోలీసుతో చెప్పించడం కన్నా, ట్రిప్పు తెల్లవారుజామున పెట్టుకోమని సరుకు తెప్పించుకునేవాళ్లు చెప్పడం పనిచేస్తుంది. ఇల్లు కట్టుకునేది మనమే కదా, ఇసుక మధ్యాహ్నమే కావాలని ఫోన్ చేసేదీ మనమే.

ఎండ దెబ్బ తగిలిన ఎద్దును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. నాలుక బయటికి వస్తుంది, చొంగ తీగలా సాగుతుంది, డొక్కలు ఎగిరెగిరి పడతాయి, ఈగలు వాలినా తోక కదలదు. పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట మళ్లీ ఎరుపు రావడానికి ఆలస్యమవుతుంది. అప్పుడు కాడి దించి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, కొంచెం కొంచెంగా తాగించాలి. కాడి కింద మెడ మీది పుండు ఈ రోజుల్లోనే ముదురుతుంది. చెమటకు నాని, ఈగ గుడ్లు పెట్టి, పురుగు పడుతుంది. పుండున్న ఎద్దును కాడికి కట్టడం కూడా ఆ యాభై రూపాయల చట్టం కింద నేరమే. మల్కన్‌గిరి జిల్లాలోని మోటు అనే చోటి ఎడ్లు పొట్టివైనా గట్టివి, శబరి, సీలేరు కలిసే చోటి ఎండకు అలవాటు పడ్డ జాతి. గేదె అలా కాదు. నల్లటి తోలు, చెమట గ్రంథులు తక్కువ. చెరువు ఎండితే దాని పని అయిపోయినట్టే. పాడిగేదెకు వేసవిలో రోజుకు 60 లీటర్ల పైమాటే నీళ్లు కావాలి.

గోడ మీద మట్టి మూకుడులో నీళ్లు పెట్టి ఫొటో తీసే అలవాటు ఏప్రిల్‌లో బాగా పెరిగింది. పిట్టలకు అది మంచిదే, ఎటొచ్చీ రెండు రోజులకోసారి ఒలకబోసి తోమాలి. కొరాపుట్ వైపు దోమల సంగతి తెలిసిందే. ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతి నాడు ఒడియా ఇళ్లలో తులసి కోట మీద చిల్లుకుండ వేలాడదీస్తారు, నెలంతా చుక్క చుక్కగా నీళ్లు పడుతుంటాయి. బరంపురంలో ఉగాది పచ్చడీ పణా పానకమూ రెండూ తాగే తెలుగిళ్లు చాలా ఉన్నాయి. చలివేంద్రం పెట్టే సంఘాలవాళ్లు పక్కనే ఒక సిమెంటు తొట్టి కూడా కట్టించి రోజూ నింపితే ఆవులకూ మేకలకూ దాహం తీరుతుంది.

ఒక జీవి మీద దయ, ఇంకో జీవికి గండం

ఏప్రిల్ 4 వీధి జంతువుల దినం వచ్చేసరికి గంజాం తీరంలో ఋషికుల్య నది మొగ దగ్గర ఇంకో కథ నడుస్తుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు వేలకు వేలుగా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. అది సామూహికంగా గుడ్లు పెట్టే తీరమని శాస్త్రవేత్తలు 1994లో గుర్తించారు. ఒక్కో గుంటలో సుమారు వంద గుడ్లు. 45 నుంచి 55 రోజులకు పిల్లలు పైకి వస్తాయి. అంటే మన ఏప్రిల్, మే. పొడంపేట, గోఖరకుడ వైపు ఇసుకలో గుడ్లు తవ్వి తినేవాటిలో నక్కలు, అడవిపందులతో పాటు ఊరకుక్కలూ ఉన్నాయి. ఒక కుక్క గుంట తవ్విందంటే మిగిలిన పని కాకులు చేస్తాయి. అటవీ శాఖ వల కంచెలు కట్టేది ఇందుకే. ఒడ్డున చేపల తుక్కు పోసి కుక్కలను మేపితే అవి అక్కడే మకాం పెడతాయి. కుక్కకు అన్నం పెట్టడం తప్పని ఎవరూ అనరు, అయితే పెట్టే చోటు తాబేళ్ల ఇసుకకు దూరంగా ఊళ్లో ఉండాలి. భేటనై, బలిపదర్ చుట్టుపక్కల పొలాల్లో ఊరి జనం తరతరాలుగా కాపాడుకొస్తున్న కృష్ణజింకల పిల్లలకూ ఇదే గండం.

మే 23 తాబేళ్ల దినం ఒక అమెరికన్ తాబేళ్ల సంరక్షణ సంస్థ 2000లో పెట్టింది. అప్పటికి ఋషికుల్యలో పిల్లలు చాలావరకు సముద్రం చేరిపోయి ఉంటాయి. లైట్లు ఆర్పాల్సింది ఏప్రిల్ రాత్రుల్లో, ఎందుకంటే పిల్లలు వెలుగు ఎటుంటే అటే పాకుతాయి. సముద్రం వైపు వెళ్లాల్సినవి ఊరి దీపాల వైపు, ఫ్యాక్టరీ దీపాల వైపు వస్తాయి.

ఈ దయకు ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్నది పోస్టర్లలో కనిపించదు. తాబేళ్ల కోసం ఋషికుల్య మొగ దగ్గర 20 కిలోమీటర్ల దాకా నవంబరు 1 నుంచి మే 31 వరకు వేట బంద్. ఏడు నెలలు. ఆ తీరంలో ఒడియావాళ్లు నోలియాలని పిలిచే జాలరుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్లే. తాబేలు వలలో పడితే తీసి వదిలేసే అలవాటు వాళ్లకు ఉంది. అయినా పడవ ఒడ్డున బోర్లించి ఉండేది వాళ్లదే. తూర్పు తీరమంతటా మోటారు పడవలకు ఉండే ఏప్రిల్ 15 – జూన్ 14 నిషేధం కూడా కలిస్తే ఏడాదిలో మోటారు పడవవాళ్లకు అక్కడ మిగిలేది నాలుగున్నర నెలలు. జంతు సంక్షేమం గురించి బరంపురంలో మీటింగు పెట్టేవాళ్లు వాళ్లలో ఒక్కరినైనా వేదిక మీదికి పిలిస్తే వినదగ్గ మాటలు వినిపిస్తాయి.

ఏప్రిల్ ఆఖరి శనివారం

నన్నడిగితే సరిహద్దు జిల్లాలకు నిజంగా పనికొచ్చే దినం పశువైద్య దినం. దండలు వేసే దినం కాబట్టి కాదు, సమయం కుదిరింది కాబట్టి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే పడాలి, ఒంట్లో రక్షణ రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. ఏప్రిల్ ఆఖరున శిబిరం పెట్టి మే నెలలో ఊళ్లన్నీ చుట్టేస్తే మృగశిర కార్తె నాటికి పశువులు సిద్ధంగా ఉంటాయి. గాలికుంటుకు 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆరు నెలలకోసారి ఉచితంగా టీకా వేస్తున్నారు. ఒడియాలో దాన్ని ఫాటువా అంటారు, లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరుకు ఆ పేరు చెబితే తొందరగా అందుతుంది. పశువుల ఒంటి నిండా గడ్డలు లేచే లంపీ స్కిన్ జబ్బు మన దేశంలో మొదట బయటపడింది ఒడిశాలోనే, 2019లో. కొరాపుట్ జిల్లాలో దొమ్మ వ్యాధి (ఆంత్రాక్స్) పశువుల నుంచి మనుషులకూ వస్తూనే ఉంది. చచ్చిన పశువును కోసి మాంసం పంచుకోవడం వల్లే చాలాసార్లు అలా జరిగింది. ఉన్నట్టుండి పడి చచ్చి, ముక్కు నుంచీ మలద్వారం నుంచీ గడ్డకట్టని నల్లటి రక్తం కారితే ఆ పశువును ముట్టుకోకూడదు, కోయకూడదు. సున్నం వేసి లోతుగా పూడ్చాలి. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కు ఫోన్ చేయాలి.

కుక్కల ఆపరేషన్ల బాధ్యత 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం మునిసిపాలిటీదీ పంచాయతీదీ. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల కేసులో కూడా చివరికి ఇదే పద్ధతిని నిలబెట్టింది, రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మినహాయించింది. నవంబరులో మాత్రం బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోని కుక్కలను తిరిగి అక్కడ వదలకుండా ఆశ్రయాలకు తరలించాలంది. మునిసిపాలిటీ ఈ పని ఒక సంస్థకు అప్పగించాలంటే ఆ సంస్థకు జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు ఉండాలి, టెండరు పిలవాలి, పట్టేవాళ్లూ డాక్టరూ బోన్లూ కుదరాలి. ఇదంతా నెలల పని. చిత్త కార్తెకు ముందు ఆపరేషన్లు పూర్తి కావాలంటే వార్డు మెంబరుకు అర్జీ అందాల్సింది ఏప్రిల్‌లోనే, దాని రసీదు తీసుకుని జూన్‌లో మళ్లీ వెళ్లి అడగాలి.